పుప్పొడి సీజన్‌లో ఒక రన్నర్: ముక్కు దగ్గర మొదలై ఊపిరితిత్తుల దాకా వెళ్ళిన కేసు

ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్ ఉంది. అందులోంచి ఒక్కొక్కటే తీసి నా టేబుల్ మీద వరసగా పెట్టారు. రెండు ముక్కు స్ప్రేలు, మూడు రకాల అలర్జీ మాత్రలు, కంటి చుక్కలు, ముక్కు దిబ్బడకు వేసుకునే ఇంకో చుక్కల సీసా. స్ప్రేలు రెండూ దాదాపు నిండుగా ఉన్నాయి. దిబ్బడ చుక్కల సీసా మాత్రం అడుగంటింది. కేసు సగం అక్కడే అర్థమైపోయిందనుకున్నాను. ఆ కవర్‌లో ఏముందో చూశాను కానీ ఏం లేదో చూడలేదు.

అలర్జీ క్లినిక్ నడిపే నాకు ఇలాంటి కేసులు కొత్త కాదు. అయినా దీన్ని వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో నేను చేసిన పొరపాటు నా తోటి డాక్టర్లూ చేస్తుంటారు, రన్నర్లు కూడా తమ విషయంలో తామే చేసుకుంటుంటారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదటి రోజు

వయసు 34. ఎనిమిదేళ్ళుగా పరిగెడుతున్నారు, వారానికి ఐదు రోజులు, మొత్తం 40 కిలోమీటర్ల దాకా. సిగరెట్ అలవాటు లేదు. చిన్నప్పుడు మోచేతి మడతల్లో ఎగ్జిమా ఉండేది. తల్లికి ఉబ్బసం. ఈ ముక్క నా చేత్తోనే కేస్ షీట్‌లో రాసుకున్నాను, రాసి పక్కన పెట్టాను. నాలుగు నెలల్లో హాఫ్ మారథాన్ ఉంది, అది సరిగ్గా గడ్డి పూతకొచ్చే కాలంలో పడింది.

బాధ నాలుగేళ్ళ నాటిది. సీజన్ మొదలైతే చాలు, వరసగా ఇరవై ముప్పై తుమ్ములు, కళ్ళ దురద, అంగిట్లో దురద, రాత్రి ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీలుస్తూ నిద్ర. కళ్ళ కింద నల్లటి నీడలు. క్రితం ఏడాది రేసుకి వారం ముందు ఎక్కడో ‘సీజన్ మొత్తానికి ఒకటే’ అని ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారట. నెల రోజులు హాయిగా ఉందన్నారు. ఉంటుంది మరి. కానీ కండలోకి వేసే ఆ డిపో స్టెరాయిడ్ వారాల తరబడి ఒంట్లో ఉండిపోయి, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ తయారీని అణిచేస్తుంది. వేసిన చోట చర్మం పల్చబడి గుంట పడొచ్చు కూడా. ముక్కు అలర్జీకి అది వేయకూడదన్నదే నా అభిప్రాయం. పోటీల్లో డోపింగ్ పరీక్షకు వెళ్ళేవాళ్ళకైతే అదో చిక్కు: ఇంజెక్షన్ రూపంలో స్టెరాయిడ్‌ని 2022 నుంచి పోటీ సమయంలో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ నిషేధించింది. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేకి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు.

రన్నర్లందరినీ అడిగే ప్రశ్నలు ఆవిడనీ అడిగాను. పరిగెత్తేటప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయా, పెదాలు వాచాయా, కళ్ళు తిరిగి పడిపోయారా? కొందరిలో గోధుమ తిని పరిగెడితేనే తీవ్రమైన అలర్జీ వస్తుంది, విడివిడిగా ఏదీ ఏమీ చేయదు. అది ప్రాణం మీదకి తెచ్చే సంగతి కాబట్టి ముందే తేల్చుకోవాలి. ఆవిడకి అలాంటివేవీ లేవు.

“పరిగెత్తేటప్పుడు ఎలా ఉంటుంది?” అన్నాను.

“అప్పుడే బాగుంటుంది డాక్టర్ గారూ. రెండో కిలోమీటర్‌కల్లా ముక్కు తెరుచుకుంటుంది.”

ఇది నిజమే. వ్యాయామం చేసేటప్పుడు నరాల ఉద్దీపన వల్ల ముక్కు లోపలి రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు తగ్గి దారి విశాలమవుతుంది. చాలామంది రన్నర్లు ‘నా అలర్జీకి పరుగే మందు’ అనుకునేది ఇందుకే. ఆ జవాబు విని నేనూ నిశ్చింతగా ఉండిపోయాను. పరుగు అయ్యాక ఎలా ఉంటుందని అడగలేదు.

తర్వాత స్ప్రే సంగతి. “నా ముందు ఒకసారి వేసుకుని చూపించండి” అన్నాను. ఆవిడ తల బాగా వెనక్కి వాల్చారు, పుక్కిలించేటప్పుడు వాలుస్తామే, అలాగ. కుడి చేత్తో కుడి ముక్కులో సీసా మూతిని నిలువుగా పెట్టి, మధ్య గోడ వైపు తిప్పి నొక్కారు. వెంటనే గట్టిగా ఎగపీల్చారు. రెండు సెకన్లు ఆగి గుటక వేసి మొహం చిట్లించారు. “ఇదిగో, చేదుగా గొంతులోకి దిగిపోతుంది. అందుకే మానేశాను.” టార్చ్ వేసి చూస్తే మధ్య గోడ మీద ఎండిన నెత్తురు పొక్కు ఉంది. మందు పడాల్సిన చోట పడనే లేదు.

మళ్ళీ నేర్పించాను. ముందు ముక్కు చీదాలి. తల కాస్త కిందికి వంచి కాలి వేళ్ళకేసి చూడాలి. ఎడమ ముక్కుకి కుడి చెయ్యి, కుడి ముక్కుకి ఎడమ చెయ్యి. అలా చేతులు మార్చుకుంటే సీసా మూతి దానంతటదే అదే వైపు కంటి బయటి కొస దిక్కుకి తిరుగుతుంది. నొక్కేటప్పుడు మెల్లగా గాలి పీల్చాలి, పువ్వు వాసన చూసినట్టు. ఈ చివరి ఉపమానం ఏళ్ళ తరబడి వాడుతున్నాను, ఆవిడ ముందు మాత్రం నాలుక చివరి దాకా వచ్చి ఆగింది.

చుక్కల సీసా కథ వేరే. అందులో ఉన్నది జైలోమెటాజోలిన్. వేసుకున్న ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, అందుకే దాని మీద అంత నమ్మకం. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే మందు దిగిన ప్రతిసారీ దిబ్బడ మునుపటి కంటే ఎక్కువై తిరిగొస్తుంది. ఆవిడ ప్రతి పరుగు ముందూ, ప్రతి రాత్రీ, నాలుగు నెలలుగా వేసుకుంటున్నారు. ముక్కు లోపల అంతా ఎర్రగా ఉబ్బి, స్ప్రే మందు పైకి వెళ్ళే సందే లేదు. ఒక ముక్కులో ముందు మానేయమని, వారం తర్వాత రెండోదాంట్లోనూ మానమని చెప్పాను. ఆ మొదటి నాలుగు రాత్రులు నరకం చూశానన్నారు తర్వాత.

స్కిన్ ప్రిక్ టెస్ట్‌కి (చర్మం మీద అలర్జీ సారాల చుక్కలు పెట్టి సన్నగా గుచ్చి చూసే పరీక్ష) ముందు వారం రోజులు అలర్జీ మాత్రలు ఆపాలి, లేకపోతే నిజంగా ఉన్న అలర్జీ కూడా దొరకదు. వారం తర్వాత చేశాం. పదిహేను నిమిషాలకు, పోలిక కోసం పెట్టిన హిస్టమిన్ దద్దురు 6 మిల్లీమీటర్లు, గరిక గడ్డి పుప్పొడి దద్దురు 11. ఇంటి దుమ్ములో ఉండే సూక్ష్మమైన పురుగు డస్ట్ మైట్ 4. మిగతావి చెప్పుకోదగ్గవి కావు. ఉత్త సెలైన్ చుక్క పెట్టిన చోటు కంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ లేస్తే పాజిటివ్ అంటాం కాబట్టి డస్ట్ మైట్ కూడా పాజిటివే. కానీ ఇల్లు ఊడ్చినప్పుడో, దుప్పట్లు దులిపినప్పుడో ఆవిడకి ఏమీ కాదు. టెస్ట్‌లో లేచిన ప్రతి దద్దురుకీ మందు రాయాలని లేదు. మనకి కావలసిన శత్రువు గరిక. ఆవిడ సాయంత్రాలు పరిగెత్తేది గరిక పరిచిన గ్రౌండ్‌లోనే.

కూర్చోబెట్టి ఊదించిన స్పైరోమెట్రీ నార్మల్. ఎఫ్‌ఈవీ1 అంటే మొదటి సెకన్‌లో బయటికి ఊదగలిగే గాలి. ఆవిడది 2.90 లీటర్లు, ఉండాల్సిన దానిలో 98 శాతం. ఛాతీకి స్టెతస్కోప్ పెట్టి విన్నాను, పిల్లికూతలు లేవు. ‘ఊపిరితిత్తులు శుభ్రం’ అని రాశాను. స్టెరాయిడ్ అయిన ఫ్లూటికాసోన్, అలర్జీ మందు అజెలాస్టిన్ కలిసిన స్ప్రే రోజుకి రెండుసార్లు. మాత్రల్లో మత్తు తెచ్చే పాతకాలం మందు తీసేసి ఫెక్సోఫెనడిన్ ఇచ్చాను. పాత తరం మాత్రలు చెమట పట్టడాన్నీ తగ్గిస్తాయి, ఎండలో పరిగెత్తేవాళ్ళకి అది మంచిది కాదు. ఫెక్సోఫెనడిన్‌ని మాత్రం పళ్ళరసంతో మింగకూడదు, ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. నీళ్ళతోనే.

చివరగా ఒక సలహా పడేశాను: “సాయంత్రాలు మానేసి తెల్లవారుజామున పరిగెత్తండి.” అందరూ చెప్పేదే. ఒక డైరీ రాయమన్నాను. ఏ టైంలో, ఎక్కడ, గాలి ఎలా ఉంది, పరుగులో ముక్కు ఎలా ఉంది.

డైరీ

ఆరు వారాల తర్వాత వచ్చారు. ముక్కు బాగా తేరుకుంది. రాత్రి నిద్ర పడుతోంది. తుమ్ములు రోజుకి ఐదారుకి దిగాయి. నేను సంతోషపడబోతుంటే ఆవిడ డైరీ తెరిచి చూపించారు. నేను అడిగిన నాలుగు గడుల పక్కన స్కేలు పెట్టి గీసిన ఇంకో రెండు గడులు ఉన్నాయి: ‘ఆగాక పది నిమిషాలకి’, ‘పడుకునే ముందు’.

నేను అడిగిన గడుల్లో అంకెలు తగ్గుతూ వచ్చాయి. ఆవిడ కలుపుకున్న గడుల్లో తగ్గలేదు. ‘ఆగాక పది నిమిషాలకి’ కింద దాదాపు ప్రతి రోజూ ఒకే మాట: దగ్గు. కొన్ని చోట్ల ‘దగ్గు, ఛాతీ పట్టేసింది’. తెల్లవారుజాము పరుగులకి మారిన తర్వాత ఆ గడి ఇంకా బరువెక్కింది.

“ఈ దగ్గు ఎప్పటినుంచి ఉంది?”

“చాలా ఏళ్ళ నుంచీ ఉంది. గట్టిగా పరిగెడితే అందరికీ వస్తుంది కదా? స్టామినా తక్కువనుకున్నాను.”

ఇక్కడ రెండు విషయాలు నాకు ఒకేసారి తగిలాయి. మొదటిది, తెల్లవారుజాము సలహా తప్పు. గడ్డి జాతుల్లో చాలా వాటికి పూలు విచ్చుకుని పుప్పొడి రాలేది పొద్దుటి పూటే. గాలిలో అది పైకి లేచి, దూరాలకి వెళ్ళి, సాయంత్రం గాలి చల్లబడ్డాక మళ్ళీ కిందికి దిగుతుంది. ఏ గడియలో ఎక్కువ ఉంటుందనేది జాతిని బట్టి, చోటుని బట్టి మారుతుంది. అందుకే ‘పొద్దున్నే మేలు’ అనే ఒక్క మాట అందరికీ సరిపోదు. పైగా పుప్పొడి లెక్కలు సాధారణంగా మేడ మీద పెట్టిన యంత్రం నుంచి, రోజంతటి సగటుగా వస్తాయి. ఆవిడ పరిగెడుతున్నది మేడ మీద కాదు, పూసిన గరిక మధ్యలో, అదీ పూలు విచ్చే వేళకి. నేనే పంపించాను.

రెండోది, ఆ దగ్గు స్టామినా సమస్య కాదు.

కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. నిలకడగా పరిగెత్తేటప్పుడు అది అరవై లీటర్లు దాటిపోతుంది. నిమిషానికి 35, 40 లీటర్లు దాటే దగ్గర ముక్కు ఒక్కటే చాలక నోరు కూడా తెరుచుకుంటుంది. వడకట్టి, వెచ్చబెట్టి, తడి చేసి పంపే ముక్కు పక్కకి తప్పుకుంటే పొడిగాలి నేరుగా శ్వాసనాళాల్లోకి పోతుంది. నాళాల లోపలి తడి ఆరిపోయి అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్ లాంటివి విడుదల చేస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి. అలర్జీతో అప్పటికే వాచి ఉన్న నాళాలైతే ఇంకా తొందరగా బిగుసుకుంటాయి. అన్నిటికంటే మోసం ఏమిటంటే, ఇది పరుగు మధ్యలో కంటే ఆగాక ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో ముదురుతుంది. గంటలోపు దానంతటదే తగ్గుతుంది. ఈలోగా మనిషి స్నానం చేసి పనిలో పడిపోతాడు.

పరుగు జోరు మీదున్నప్పుడే, గాలి లోపలికి పీల్చేటప్పుడు గొంతు దగ్గర కీచుమని శబ్దం వచ్చి, ఆగిన రెండు మూడు నిమిషాల్లో పోతే అది వేరే జబ్బు. స్వరపేటిక దగ్గర దారి మూసుకుపోవడం అది, దానికి ఇన్‌హేలర్ పనిచేయదు. ఆవిడది అలా లేదు.

ట్రెడ్‌మిల్ మీద

పొడిగా, చల్లగా ఉన్న గదిలో ఎనిమిది నిమిషాలు పరిగెత్తించాం. మొదటి రెండు నిమిషాల్లో వేగం పెంచేసి, మిగతా ఆరు నిమిషాలు గుండె వేగం ఆవిడ గరిష్ఠంలో 85, 90 శాతం మధ్య. వార్మప్ లేదు, కావాలనే. దిగగానే చెమట తుడుచుకుంటూ “ఇంకో పది నిమిషాలు పరిగెత్తగలను” అన్నారు. ఐదో నిమిషంలో ఊదిస్తే 2.58 లీటర్లు. దగ్గు మొదలైంది. పదో నిమిషంలో 2.38. అంటే 18 శాతం పడిపోయింది. 10 శాతం పడితేనే పరుగుతో నాళాలు బిగుసుకునే ఆస్తమా అని మేం నిర్ధారించేస్తాం. ఈసారి స్టెతస్కోప్ పెడితే రెండు వైపులా సన్నటి పిల్లికూతలు. ఆవిడకీ వినిపించాను. చెవుల్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు.

“మా అమ్మకి ఇలాగే ఉండేది” అన్నారు.

ముప్పయ్యో నిమిషానికి 2.75కి వచ్చింది. నాళాలని తెరిచే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఇస్తే 2.93. ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్ 58 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 58). పెద్దవాళ్ళలో 50 దాటితే అలర్జీ తరహా వాపు ఉన్నట్టు. కూర్చోబెట్టి చేసిన టెస్ట్ నార్మల్ వచ్చిందని ఊపిరితిత్తులు శుభ్రం అని రాసిన కాగితం ఎదురుగానే ఉంది. కొట్టేశాను.

చికిత్సలో ఒక చిన్న మలుపు ఉంది. పరుగు ముందు నీలం సాల్బుటమాల్ ఒక్కటే కొట్టుకోవడం పాత పద్ధతి. అది నాళాలని తెరుస్తుంది కానీ వాపు జోలికి పోదు, రోజూ వాడుతుంటే దాని పనితనం కూడా తగ్గుతుంది. ఆస్తమాకి సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావొద్దని 2019 నుంచి గినా అనే అంతర్జాతీయ ఆస్తమా సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆవిడకి వాపు తగ్గించే బుడెసోనైడ్, నాళాలని తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ ఇచ్చాను: పరుగుకి ముందు ఒకటి, లక్షణాలొస్తే ఇంకొకటి, తర్వాత నోరు పుక్కిలించాలి. వారానికి ఐదు రోజులు పరిగెత్తే మనిషి కాబట్టి ఆ ఐదు రోజులూ వాపు తగ్గించే మందు దానంతటదే లోపలికి పోతుంది. డోపింగ్ లెక్కలోనూ ఇబ్బంది లేదు, పీల్చే ఫార్మోటెరాల్ రోజుకి 54 మైక్రోగ్రాముల దాకా చెల్లుతుంది.

అలర్జీకీ ఆస్తమాకీ రాసే మాంటెలుకాస్ట్ మాత్ర గురించి ఆవిడే అడిగారు. అంతకుముందు ఎక్కడో రాస్తే పదిహేను రోజులు వాడి, పీడకలలొస్తున్నాయని మానేశారట. అది ఎవరికీ చెప్పలేదు, మాత్రకీ కలలకీ సంబంధం ఏమిటని నవ్వుతారేమోనని. సంబంధం ఉంది. మనసు మీద ఆ మందు చూపే ప్రభావాల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో మందు వివరాల పత్రంలో గడి కట్టి గట్టి హెచ్చరిక పెట్టించింది. మళ్ళీ ఇవ్వలేదు.

పరుగు పద్ధతిలో పెద్ద మార్పు ఒక్కటే: గ్రౌండ్ వదిలేసి, గడ్డి లేని రోడ్డు మీద సాయంత్రాలు. డైరీ ప్రకారం వాన పడి వెలిసిన మర్నాడు అన్నిటికంటే మంచి రోజు, పొడిగాలి వీచే రోజు అన్నిటికంటే చెడ్డ రోజు, గ్రౌండ్‌లో గడ్డి కోసిన మర్నాడు కూడా అంతే. గాలి ఎక్కువున్న రోజు ట్రెడ్‌మిల్. పరుగు ముందు పదిహేను నిమిషాల వార్మప్, మధ్యలో నాలుగైదు చిన్న చిన్న జోరు పరుగులతో. అలా ఒకసారి నాళాలని కదిలిస్తే తర్వాత గంటా రెండు గంటల పాటు అంత తేలిగ్గా బిగుసుకోవు. చుట్టూ మూసుకుని ఉండే కళ్ళద్దాలు కళ్ళ దురదని చాలావరకు తగ్గించాయి. మాస్క్ నెమ్మది పరుగుల్లో పనికొచ్చింది, జోరు పరుగుల్లో తీసి జేబులో పెట్టేసుకున్నారు. ఇంటికి రాగానే బట్టలు విప్పి తలస్నానం, తర్వాత ముక్కు కడగడం. కడిగే నీళ్ళు కాచి చల్లార్చినవే అయ్యుండాలని రెండుసార్లు చెప్పాను. పచ్చి నీళ్ళలో ఉండగల నేగ్లేరియా అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకి పాకితే బతకడం కష్టం.

గాలివాన ముందు

అయిదు వారాలు బాగా గడిచాయి. బాగుండడమే ముంచింది. పరుగులో దగ్గు లేదు కదా అని ఇన్‌హేలర్ పది రోజులు మానేశారు. ఒక ఆదివారం సాయంత్రం మబ్బు పట్టి, ఉక్కపోత పోయి, చల్లటి గాలి మొదలైంది. పరుగుకి ఇంతకంటే మంచి వాతావరణం ఏముంటుందని బయల్దేరారు. నాలుగో కిలోమీటర్ దగ్గర దుమ్ము లేచింది, ఉరుములు. వెనక్కి తిరిగి ఇంటికి చేరేసరికి వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయారు. ఇన్‌హేలర్ ఇంట్లో ఉంది కాబట్టి సరిపోయింది. కొట్టుకుంటూనే ఆసుపత్రికి వెళ్ళారు, అక్కడ నెబ్యులైజర్ పెట్టారు, రాత్రికి ఇంటికొచ్చారు.

మర్నాడు ఆవిడకి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ సంగతి చెప్పాను. 2016 నవంబర్ 21 సాయంత్రం ఆ నగరం మీదుగా ఒక గాలివాన పోయింది. రై గడ్డి పుప్పొడి సీజన్. కొన్ని గంటల్లో వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకి పరిగెత్తారు, పది మంది చనిపోయారు. ఆ సాయంత్రం ఆయాసపడ్డవాళ్ళలో చాలామందికి అంతకుముందు ఆస్తమా ఉందనే తెలియదు, సీజన్‌లో తుమ్ములు మాత్రమే. మామూలుగా గడ్డి పుప్పొడి రేణువు 20 నుంచి 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఉంటుంది, ముక్కూ గొంతూ దాటి లోతుకి పోలేదు. తేమ తగిలి రేణువు పగిలితే లోపలున్న పిండి కణికలు, రెండు మూడు మైక్రాన్లకి మించనివి, వందల సంఖ్యలో బయటపడతాయి. అవి నేరుగా సన్నటి శ్వాసనాళాల చివరిదాకా వెళ్తాయి. గాలివాన ముందు వచ్చే ఆ చల్లటి ఈదురుగాలే వాటిని నేల మట్టానికి మోసుకొస్తుంది. నిలకడగా కురిసే వాన గాలిని కడుగుతుంది, దాని ముందు వచ్చే గాలి మాత్రం ప్రమాదం. గడ్డి సీజన్‌లో ఉరుములు వినిపిస్తే ఇంట్లో ఉండి కిటికీలు వేసుకోవడమే.

ఆ తర్వాత ఆవిడ ఇన్‌హేలర్ మానలేదు. హాఫ్ మారథాన్ 2 గంటల 11 నిమిషాల్లో ముగించారు, అంతకుముందు ఏడాది కంటే నాలుగు నిమిషాలు ఆలస్యం. పదహారో కిలోమీటర్ దగ్గర ఆగి వరసగా తొమ్మిది సార్లు తుమ్మారట, లెక్కపెట్టుకుని మరీ చెప్పారు. ముగిశాక దగ్గు లేదు.

సీజన్ అయ్యాక ఇమ్యునోథెరపీ మొదలుపెట్టాం. కొత్తదేమీ కాదు, గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా ఎక్కించే పద్ధతి గురించి లెనార్డ్ నూన్ అనే బ్రిటిష్ డాక్టర్ 1911లోనే రాశాడు. ఇందులో పట్టించుకోవాల్సింది ఏ గడ్డి అన్నది. చల్లటి దేశాల్లో పెరిగే తిమోతి గడ్డి సారంతో చేసిన మందులు విరివిగా దొరుకుతాయి కానీ గరిక వేరే ఉపకుటుంబానిది, దాని ప్రోటీన్లు తిమోతితో అంతగా కలవవు. గరిక అలర్జీకి గరిక సారమే కావాలి. ఆస్తమా అదుపులో లేకుండా ఈ ఇంజెక్షన్లు వేయకూడదు. మొదటి రోజే ముక్కు మాత్రమే చూసి మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. వేశాక అరగంట క్లినిక్‌లోనే కూర్చోవాలి, ఆ రోజు పరుగు లేదు. రక్తప్రసరణ పెరిగితే మందు ఒక్కసారిగా ఒంట్లోకి పాకుతుంది. మొత్తం మూడేళ్ళ కోర్సు. ఇప్పటికి పద్నాలుగు నెలలయింది.

రెండో సీజన్‌కి స్ప్రేని పూతకి రెండు వారాల ముందే మొదలుపెట్టాం, స్టెరాయిడ్ స్ప్రే పూర్తిగా పట్టడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. సీజన్ నడిమధ్యలో మళ్ళీ ట్రెడ్‌మిల్ టెస్ట్ చేస్తే తగ్గుదల 7 శాతం, నైట్రిక్ ఆక్సైడ్ 24.

మొన్న వచ్చినప్పుడు చేతిలో మళ్ళీ ప్లాస్టిక్ కవర్. ఒక స్ప్రే, ఒక ఇన్‌హేలర్, డైరీ. ఇన్‌హేలర్ వెనక కౌంటర్ 9 చూపిస్తోంది. “ఇది అయిపోయాక మానేయొచ్చా?” అని అడిగారు. సీజన్ దాటాక, ఇంకోసారి పరిగెత్తించి చూశాక చెప్తానన్నాను. కొత్తది రాసిచ్చాను.